ఆరంగుళాలు

"వంటగట్టు మరీ ఇంత కిందికుందేంటమ్మా? పిల్లలు వంటలాట ఆడుకోవడానికి కట్టించారా?" తాపీమేస్త్రీ టేపు చుట్టేస్తూ నవ్వాడు.

ఇంత తక్కువ గట్టుంటే ఇల్లు కొనడానికి ఎవరూ ముందుకు రారని బ్రోకరు చెప్పాడు. అందుకే పాత బండ పగలగొట్టించి, ఆరంగుళాలు లేపి, పైన కొత్త గ్రానైటు వేయిస్తున్నాను.

"మేం కొన్నప్పటికే ఇలా ఉందండీ. ఎవరు కట్టారో ఏమో," అన్నాను.

అబద్ధం. చక్రాల కుర్చీలో కూర్చునే వండుకోవాలని చెల్లి దగ్గరుండి కట్టించుకున్న గట్టది. పదకొండేళ్లుగా నాకు వండిపెడుతున్నది దాని మీదే. దాన్ని పగలగొట్టిస్తున్నాననే సంగతి పరాయి మనిషి ముందు ఒప్పుకోలేకపోయాను.

వెనకాల చక్రాల చప్పుడు. పొద్దుటినుంచీ గదిలోనే ఉన్న చెల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగింది. నా మాట విన్నదని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

మేస్త్రీ అప్పుడే అందుకున్న సుత్తి పక్కన పెట్టాడు. "మీరెవరమ్మా?"



చెల్లి నావైపు చూడకుండా అతనికే జవాబు చెప్పింది.

"ఇల్లు చూసి పోదామని వచ్చానండీ. అన్నీ బాగున్నాయి. వంటగదే నాకు అందేలా లేదు."