చెవి మాస్టారు

క్లాసుకీ క్లాసుకీ మధ్య పిల్లలు ఊరికే కూర్చోకూడదని ఆ ఏడాది కాలేజీలన్నిటికీ చెవి మాస్టారు అనే చిన్న యంత్రం వచ్చింది. చెవికి తగిలిస్తే విరామమంతా ప్రశ్నలే. ఎవరి బొటనవేలితో బిగిస్తే మళ్లీ వాళ్ల వేలికే ఊడుతుంది. ఖాళీ దొరికితే పిల్ల ఏ మేడ అంచున నిలబడుతుందోనని హడలిపోయే మాణిక్యం, రోజూ పొద్దున్నే కూతురు హైమకి తన చేత్తోనే బిగించి పంపేది.

మొన్న జవాబులు చెప్పుకుంటూ దిగుతూ హైమ మెట్ల మీద పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

"మీ పిల్లకి పరధ్యానమమ్మా. మాస్టారేం చేసింది?" అని ప్రిన్సిపాల్ తేల్చేశాడు.

ఇవాళ భోజనాల గంట కొట్టగానే మాణిక్యం క్యారేజీ, కూతురితో సహా ఆయన గదికి వచ్చి, పిల్ల చెవి నుంచి మాస్టారుని ఊడదీసింది.

"ఒక్కసారి మీరు పెట్టుకుని చూపించండి సార్. నా భయం పోతుంది."

అప్పుడే అన్నం ముందు కూర్చున్న ఆయన నవ్వుతూ చెవి వంచాడు. ఆమె గట్టిగా నొక్కి బిగించింది.

ఆయన ముద్ద ఎత్తేలోపే మొదటి ప్రశ్న వచ్చింది. తప్పు చెబితే అది గొంతు పెంచి మళ్లీ అడుగుతుంది. నాలుగో ప్రశ్నకి ముద్ద జారి చొక్కా మీద పడింది.

"తియ్యమ్మా తల్లీ! తల తిరిగిపోతోంది!"

మాణిక్యం అప్పటికే ఎదురుగా కూర్చుని హైమకి పప్పన్నం కలిపి తినిపిస్తోంది.

"ఎంగిలి చెయ్యి సార్. పిల్ల తిన్నాక కడుక్కుని వస్తాను. అందాకా పరధ్యానం లేకుండా చెప్పుకోండి."

తర్వాతి ముద్ద ఉసిరికాయంత చేసింది. దాని తర్వాతది అంతకన్నా చిన్నది.