బయట తాళం

"ఈసారి సెక్రటరీగా ఎవరు నిలబడతారు?" అని మార్టిన్ అడగ్గానే హాల్లో ఉన్న నలభైమందీ తమ చెప్పుల వంక చూసుకోవడం మొదలుపెట్టారు.

స్మృతి నగర్ కాలనీ సంఘంలో ఏటా ఇదే తంతు. ఒకరికి డబుల్ డ్యూటీ, ఒకరికి నడుంనొప్పి. మార్టిన్ కూడా అలా ఎవరూ దొరక్కపోతేనే ప్రెసిడెంటయ్యాడు.

"నేను చేస్తానండి."

వెనక వరుసలోంచి ఒక చెయ్యి లేచింది.

గురునాథరావు. అరవై దాటిన మనిషి. రైల్వేలో రిటైరై, నెల క్రితమే చివరి వీధిలో అద్దెకు దిగాడు. ఒంటరివాడు.

అడక్కుండా వచ్చిన సెక్రటరీని ఎవరు కాదంటారు? చప్పట్లు కొట్టి, వచ్చే ఆదివారం ఖాయం చేద్దామన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన నోటుబుక్కు పట్టుకుని పద్నాలుగో నంబరు ఇంటి ముందు నిలబడ్డాడు.

"మీ ఆయన ఈ వారం ఏ షిఫ్టమ్మా?"

"నైటండీ," అంది కాంతం. "ఇప్పుడే ఒచ్చి పడుకున్నారు."

"ఏ గదిలో?"

కాంతం చేతిలో చీపురు ఆగిపోయింది.

"వెనక గదిలో. ఏటండీ, ఎందుకండీ?"

"నువ్వు బజారుకెళ్తే బయట తాళం వేసి వెళ్తావా?"

స్టీలు ప్లాంటులో రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. ఎవరూ తలుపు కొట్టకుండా బయట తాళం వేసి వెళ్ళడం భిలాయి ఇల్లాళ్ళకి అలవాటే. తాళం చూస్తే పాలవాడైనా చుట్టమైనా వెనక్కి మళ్ళుతాడు.

"ఏస్తానండి," అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది.

భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన రెండో వేసవి అది. పక్కనున్న ఉతై ఊరి వైపు పట్టపగలే తాళాలు పగలగొట్టి దొంగలు పడుతున్నారని ఊరంతా గగ్గోలు.

మధ్యాహ్నం కాంతం పెరట్లోకి వచ్చేసరికి గురునాథరావు వెనక సందులో ఉన్నాడు. ఆమె కిటికీ ఊచల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఊపి చూస్తున్నాడు.

ఆమె పక్కింటికి పరిగెత్తింది.

"పార్వతమ్మత్తా, నాకు బయ్యమేస్తంది. ఆ ముసలాయన మా కిటికీ ఊచలు ఊపి సూస్తన్నాడు!"

"మా ఇంటికీ ఒచ్చాడే! మా అత్తకి చెవులు ఇనపడతాయా అనడిగాడు. ఇంకేటి కావాల? చోరే, పక్కా!"

ఆదివారం మీటింగులో మార్టిన్ ఆ నోటుబుక్కు లాక్కున్నాడు. అది చేతులు మారింది. అందరూ ఎవరింటి పేజీ వాళ్ళు వెతుక్కున్నారు.

కాంతం తన పేజీ పైకి చదివింది.

"పద్నాలుగు. విలియం. వెనక గది. మొద్దు నిద్ర. మే మూడో వారం మళ్ళీ నైటు. పదింటికి బయట తాళం. వెనక కిటికీకి మూడు ఊచలు వదులు."

"ఇదేటండీ రావుగారూ?" అన్నాడు మార్టిన్.

"మీ మంచికేనండి. సంఘంలో ఉంటే నా మాట వింటారనుకున్నాను."

"ఏం మాట?"

గురునాథరావు నోటుబుక్కు కోసం చెయ్యి చాచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మార్టిన్ ఆ బుక్కు ముందే అందుకున్నాడు.

"ఇల్లు ఖాళీ చేసెయ్యండి. ఈ బుక్కు నాకాడే ఉంటాది. అవసరమైతే పోలీసు థానాలో ఇచ్చేస్తాను."

మర్నాడే ఆటోలో ట్రంకు పెట్టెతో బయల్దేరాడు. కాంతం గేటు దగ్గర ఆటో ఆపించాడు.

"ఒక తాళంచెవి పక్కింట్లో ఉంచు తల్లీ. నా మాట విను."

కాంతం లోపలికి పారిపోయి గడియ పెట్టుకుంది. తాళంచెవి అడుగుతున్నాడు, ఎంత ధైర్యం! ఆ సాయంత్రమే ఇంకో తాళం కొని తెచ్చింది.

"రెండు తాళాలేటే? ఇదేటి, బ్యాంకా?" అని భర్త విలియం నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. బజారుకెళ్ళిన ప్రతిసారీ రెండు తాళాలూ లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేది.

మే మూడో వారం. సుపేలా బజారు నుంచి రిక్షాలో వస్తుంటే తమ వీధి మీద నల్లటి పొగ కనిపించింది.

ప్రభువా, మా ఇల్లు కాకూడదు, మా ఇల్లు కాకూడదు అనుకుంటూ దిగి పరిగెత్తింది.

వాళ్ళ ఇల్లే.

తలుపుకు రెండు తాళాలూ వేలాడుతున్నాయి. కిందినుంచి పొగ వస్తోంది.

"ఆయన లోపలున్నారు!" అని అరిచింది. హడావుడిలో తాళంచెవులు కింద పడ్డాయి. తీస్తే మళ్ళీ పడ్డాయి.

"కాంతం! ఇటు రా, ఎనక సందులోకి రా!" పార్వతమ్మ గొంతు.

వెనక సందులో విలియం నేల మీద కూర్చుని దగ్గుతున్నాడు. ముఖమంతా మసి. ప్రాణం ఉంది. కాంతం అతన్ని పట్టుకుని బావురుమంది.

"కూలరు మోటారు కాలి, దాని తడకల్లో గడ్డి అంటుకుందమ్మా," అన్నాడు మార్టిన్. అతని చేతులు బొబ్బలెక్కాయి. "తాళాలు సూసి లోపల ఎవరూ లేరనుకున్నాం. ఈ వారం విలియంది ఫస్ట్ షిఫ్టే, ప్లాంటులో ఉంటాడని కూడా ఎవరో అన్నారు. అప్పుడు ఆ బుక్కు గుర్తొచ్చింది. తీసి సూస్తే అన్నీ రాసున్నాయి. ఏ గదో, ఏ ఊచలో. ఆ ఊచలే పీకి విలియంని బయటికి లాగాం."

"రావుగారు ఎక్కడికెళ్ళారు మార్టిన్ భయ్యా?"

"అడ్రసు ఎవరడిగారమ్మా?"

మసి చేతులతోనే కాంతం అతని దగ్గర్నుంచి నోటుబుక్కు తీసుకుంది. ఆనాడు ఎవరూ చూడని మొదటి పేజీ తిప్పింది. అక్కడా ఒక ఇంటి వివరమే ఉంది.

"భోపాల్, రైల్వే క్వార్టరు. 1984 డిసెంబరు 2, గ్యాసు వచ్చిన రాత్రి. ముందు గదిలో నా భార్య, ఇద్దరు పిల్లలు. నాది నైట్ డ్యూటీ. గడియ పెట్టడానికి లేస్తే వాళ్ళ నిద్ర చెడుతుందని బయట తాళం నేనే వేశాను."