అచ్చమ్మ వీధి పార్కు

అచ్చమ్మ వీధిలోకి మంచినీళ్ల పైపు రాలేదు. నాలుగు సిమెంటు బెంచీలు వచ్చాయి.

అది 2007 మే నెల. ఒక బెంచీని వెంకటనరసమ్మ గారి గుమ్మానికి అడ్డంగా దించేశారు. ఇదేమిటని ఆవిడ అడిగితే, తెచ్చిన వాళ్లు ఒక కాగితం చూపించారు. ఏలూరు మొత్తాన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి తీసిన కొత్త మ్యాపు. అందులో అచ్చమ్మ వీధి లేదు. ఆ చోట పచ్చరంగు వేసి ‘పార్కు’ అని రాసి ఉంది. అందుకే పైపు కూడా పక్క వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

వీధిలో ఆడవాళ్లంతా మాట్లాడుకుని, కాంతాన్ని మ్యాపుల ఆఫీసుకు పంపారు.

మ్యాపు గీసిన సోమసుందరం కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి బదిలీ మీద ముందురోజే వచ్చిన క్లర్కు ఉమాదేవి పక్క బల్ల దగ్గర ఉంది.

“అర్జీ రాసుకు రమ్మన్నారుగా, తెచ్చానండి,” అంది కాంతం. “ముప్పై రెండు ఇళ్ల వాళ్లం సంతకాలు పెట్టాం.”

సోమసుందరం అర్జీ వైపు చూడలేదు. “మ్యాపులో అది పార్కు.”

“మరి పార్కులో మేం కాపురాలు ఎలా చేస్తున్నామండీ?”

“శాటిలైట్ ఫొటోలో మామిడిచెట్లు, కొబ్బరిచెట్లే కనబడ్డాయి.”

“ఫొటోలో కనబడకపోతే మీకు తెలీదాండీ?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఊళ్లో పచ్చదనం చాల్లేదని హైదరాబాద్ వాళ్లు మ్యాపు తిప్పి పంపారు. కొల్లేరుని ఊళ్లోకి తేలేం కదా. ఎక్కడో ఒకచోట పచ్చరంగు వెయ్యాలి. వేశాక ఎంత మెచ్చుకున్నారో.”

“మా వీధే దొరికిందాండీ?”

“అక్కడివాళ్లయితే గొడవకి రారనుకున్నా.”

తమ వీధిలోని పుష్పమ్మ గారు మోకాళ్ల నొప్పులతో రోజూ పక్క వీధి నుంచి ఆరు బిందెలు మోసుకుంటున్నారని చెప్పింది కాంతం. ఆయన గోడ మీది మ్యాపు చూపించాడు.

“అచ్చయిపోయింది. ఇక మారదు.”

కాంతం లేచింది. బల్ల మీదకు వంగి, మెత్తగా ఒక్క మాట చెప్పింది. అర్జీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

 సోమసుందరం మౌస్ అందుకుని పచ్చరంగు చెరిపాడు. వీధి గీశాడు. పేరు టైపు చేశాడు. పైపుల వాళ్లకి ఫోన్ చేసి, రేపే తవ్వకం మొదలెట్టమన్నాడు.

ఉమాదేవి ఆశ్చర్యపోయింది. “ఏమన్నారు సార్ ఆవిడ? కలెక్టర్ గారి దగ్గరికి వెళతానన్నారా?”

“లేని వీధిలో, లేని ఇంట్లో, ఇవాళ్టి నుంచి వంట చెయ్యనంది మా ఆవిడ.”