వీడ్కోలు గోల్

బంతి ఇంకా ఎగన్ కాలి దగ్గరే ఉంది. కీపర్ అప్పుడే ఎడమవైపుకి దూకేసి, గడ్డిలో బోర్లా పడుకున్నాడు.

కుడివైపు తలుపులు తీసిన కొట్టంలా బోసిగా ఉంది. ఎగన్ పళ్ళు నూరుకుని, బంతిని కావాలనే పోస్టు పక్క నుంచి చెట్లలోకి తన్నాడు. ఇలా తన్నడం ఇది మూడోసారి. గట్టు మీద బ్యాండువాళ్ళు పైకెత్తిన బూరాలు మళ్ళీ దించుకున్నారు.

ఆస్ట్రియాలో, స్టైరియా ప్రాంతపు ఆ పల్లెలో అది ఆనవాయితీ. ఆటగాడు రిటైరైతే వీడ్కోలు మ్యాచ్ పెట్టి, అతని చేత ఒక గోల్ కొట్టిస్తారు. కీపర్ పక్కకి పడిపోతాడు. డిఫెండర్లు లేసులు కట్టుకుంటూ కూర్చుంటారు. తర్వాత వీరుణ్ణి భుజాల మీద క్యాంటీనుకి మోసుకుపోతారు. గ్రీసులో ఏళ్ళ తరబడి ఆడి వచ్చిన ఎగన్ ప్రాంట్నర్ కోసం చుట్టుపక్కల ఊళ్ళు కూడా కదిలి వచ్చాయి.

విరామంలో క్లబ్బు అధ్యక్షుడు హోడ్ల్ సాసేజీ నములుతూ వచ్చి అతని మెడ మీద చెయ్యేశాడు. ఆయనది మాంసం కొట్టు. ఆ జిడ్డు చెయ్యి తగలగానే ఎగన్‌కి ఒళ్ళు జలదరించింది.

"ఏమయ్యా, ఒక్కటి లోపలికి నెట్టలేవా? అవతల బీరు వేడెక్కిపోతోంది."

"ముష్టి గోల్ నాకొద్దండీ."

"మా నాన్న చేతా ఇలాగే కొట్టించారు. ఆనందంతో ఏడ్చాడు తెలుసా."

"ఏడవక ఏం చేస్తాడు పాపం."

హోడ్ల్ పగలబడి నవ్వాడు. నోట్లోంచి సాసేజీ తునక వచ్చి ఎగన్ చొక్కా మీద పడింది. దాన్ని దులుపుకుంటుంటే ఊరి మీద, ఆట మీద, తన మీద కూడా రోత పుట్టింది.

మిడ్‌ఫీల్డర్‌గా అతను బతుకంతా బంతిని ఇంకొకరికి అందించాడు. వియన్నా పత్రికలు అతణ్ణి పట్టించుకోలేదు. జాతీయ జట్టు ఒక్కసారీ పిలవలేదు. తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క గోల్. గ్రీసులో అతను ఆడిన రేవు పట్టణం జట్టు ఆ ఏడు ఆఖరి మ్యాచ్ గెలవకపోతే కింది డివిజన్‌లో పడిపోయేది. ఆట ముగుస్తుండగా ఎగన్ దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. జనం సంతోషం పట్టలేక బట్టలతోనే సముద్రంలో దూకారు. ఎవరి దయా లేకుండా దక్కింది అదొక్కటే. దాని పక్కన ఈ ముష్టిది చేర్చడం అతనికి ఇష్టం లేదు.

అతణ్ణి మెత్తబరచడానికి హోడ్ల్ ముందే గ్రీసు నుంచి ఒక అతిథిని రప్పించి ఉంచాడు. అతను లెఫ్తేరిస్, ఆనాడు ఆ గోల్ ఆపలేకపోయిన ఎదుటి జట్టు కీపర్. రెండో సగంలో గోల్ దగ్గర నిలబడేది అతనే. ఎగన్‌ని చూడగానే వాటేసుకుని, ఆ రేవు పట్టణంలోనే పుట్టి పెరిగిన తన తల్లి ఇప్పటికీ గుళ్ళో అతని పేరున కొవ్వొత్తి వెలిగిస్తోందని చెప్పాడు.

పొద్దుటి నుంచి మొదటిసారి ఎగన్ ముఖం విప్పారింది.

"నువ్వైనా నిజంగా ఆడరా. ఆపితే ఆపు, నాకేం బాధ లేదు."

లెఫ్తేరిస్ తలూపాడు. రెండో సగం మొదలైన కాసేపటికి ఎగన్‌కి బంతి దొరికింది. ఈసారి చెట్లలోకి తన్నలేదు. ఒంట్లో మిగిలిన సత్తువంతా పెట్టి గోల్ కుడి మూలకి కొట్టాడు. లెఫ్తేరిస్ ఎడమకి దూకాడు.

బ్యాండు మోగింది. జనం మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి ఎగన్ ఆ కీపర్ కాలర్ పట్టుకున్నాడు.

"నువ్వు కూడా వీళ్ళలాంటివాడివేనా? ఛీ. ఆ రోజు ప్రాణం పెట్టి దూకావే, ఈ రోజు ఏమైందిరా నీకు?"

లెఫ్తేరిస్ తెల్లబోయి చూశాడు.

"నీకు తెలుసనుకున్నానన్నా," అన్నాడు మెల్లగా.

"ఆ రోజూ కావాలనే వదిలేశానుగా."