సీసం ముద్ద

నార్సింగి ఫ్లాట్ బాల్కనీలో మధుకర్ సీసం కరిగించి, చనిపోయిన తండ్రి నాటు తుపాకీ చిన్న గుండ్ల అచ్చులో పోశాడు. ఆ గుండ్లు తన కొత్త ఎయిర్ రైఫిల్‌కు సరిగ్గా పడుతున్నాయి.

సీసం అయిపోతే, దేవుని గూట్లో గుడ్డలో చుట్టి ఉన్న ముద్దను కూడా కరిగించాడు.

"అమ్మా, గూట్ల ముద్దతోని పోసిన. మస్తు నున్నగ వచ్చింది సూడు."

భాగ్యమ్మ చల్లారిన గుండును గుప్పిట్లో పట్టుకుంది.

"అడవిపంది అనుకోని దోస్తు కొడితె మీ నాయిన నడుముల దిగిన గుండు బిడ్డా. తీస్తె బతకడని దవాఖానల అన్నరు. దాన్ని మోసుకుంటనే ముసలోడయిండు. ఆ గుండు గూడ అంతకుముందు మీ నాయిననే ఈ అచ్చుల పోసి దోస్తుకిచ్చిందే."

మధుకర్ అచ్చు కింద పెట్టాడు.

"కాష్టంల అది కరిగి ముద్దయితె, బూడిదెలకెల్లి ఏరి దేవుని కాడ పెట్టుకున్న," అంది. "మల్ల దాన్ని గుండు జేసినవ్."