నది దొరికిన రోజు

"గుండు సంగతి ఇయ్యాల నువ్వన్న చెప్పు, లేకుంటే నేనన్న చెప్త!" ఈదమ్మ కోడలి చేతిలోని ఫోను గుంజుకోబోయింది.

"జర ఆగత్తా, నీ కాల్మొక్త. రింగైతాంది." కోమల ఫోను రెండు చేతులా పట్టుకుని గోడ మూలకు జరిగింది.

మామ భిక్షం పోయి పందొమ్మిది రోజులు. ఆ సంగతి మేళ్లచెరువులో పసిపిల్లలకు కూడా తెలుసు, ఓడలో పనిచేసే కొడుకు విజేందర్‌కు తప్ప. అతనికి చెప్పొద్దని కనబడ్డ ప్రతివాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలింది కోమలే. పోయినేడు ఇంటి నుంచి ఇలాంటి కబురే విని తోటి పనివాడొకడు నడిసముద్రంలో దూకేశాడట. మొగుడే చెప్పాడు. అప్పటి నుంచీ ఆమెకు అదే భయం. ఓడ మళ్లీ మన దేశం మొహం చూసేది నాలుగు నెలలకు. అప్పటిదాకా మనిషి ప్రాణాలతో ఉంటే చాలు, ఆమెకింకేమీ అక్కర్లేదు.

ఈదమ్మ బాధ వేరు. తలకొరివి పెట్టింది పాలోళ్ల భిక్షపతి, వరసకు దాయాది. పిట్టకు పెట్టిన నాడు చేపల పులుసు, కల్లు, బీడీకట్ట, భిక్షం ఇష్టపడేవన్నీ విస్తట్లో పెట్టి మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నా ఒక్క కాకి వాలలేదు. కన్నకొడుకు గుండు చేయించుకుని, నదిలో మునిగి, ఇంత ముద్ద పెట్టేదాకా ముసలోడు ఆకలితో తిరుగుతూనే ఉంటాడని ఆమె ఏడుపు.

రేపు ఆ నది దొరుకుతోంది. వియత్నాంలో ఏదో నది ఒడ్డు రేవులో ఓడ ఆగిందట. ఒక్కరోజు దిగి తిరిగి రానిస్తారట.

"హలో, కోమలా!" విజేందర్ గొంతు హుషారుగానే ఉంది. "వీడియో రాదే. ఈడ నెట్టు సక్కగ లేదు."

బతుకు జీవుడా అనుకుంది కోమల. పక్కనే అత్త బోసి నుదురు. ఈ మధ్య నెట్టు బాగాలేకపోవడం ఆమె అదృష్టమే. నాయిన ఏడని అతను అడగడం మానేయడం అంతకంటే అదృష్టం.

"రేపు దిగి ఏమేం చేస్తవయ్యా?"

"ఎనిమిదింటికి దిగుత. పెద్ద ఊరేం గాదు. రేవు పక్కన అంగడి, ఒక గుడి, గంతే. పడవల మీదనే కూరగాయలమ్ముతరంట. బిడ్డకు గౌను కొంట. కడుపునిండ తింట. ఐదింటికల్ల ఓడెక్కాలె."

ఈదమ్మ కోడలి భుజం పొడిచింది.

"నాదొక మొక్కుంది," అంది కోమల. "నువ్వు పైలంగ రావాల్నని మట్టపల్లి నర్సింహసామికి నీ గుండు మొక్కిన."

"మొక్కింది మట్టపల్లిల, గుండు వియత్నాంలనా? సామి ఒప్పుకుంటడా?"

"నీళ్లు యాడివైనా నీళ్లే. అంగట్ల మంగలి ఉండడా? గుండు చేయించుకొని నదిల మూడు మునకలు మునుగు."

"సరే."

జుట్టు మీద చెయ్యి వేయనివ్వని మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"ఎటు దిక్కు మొకం పెట్టాలె?"

కోమల అత్త వైపు చూసింది. ఈదమ్మ చెయ్యి దానంతటదే దక్షిణం వైపు లేచింది.

"దచ్చినం."

"మొక్కుకు దచ్చినమా?"

"పంతులు గట్లనే చెప్పిండు. ఒడ్డుకొచ్చినంక ఆకుల ఇంత ముద్ద పెట్టు, పిట్టలకు. పున్యమొస్తది."

"ఒట్టి అన్నమేనా?"

"చాపల కూర దొరికితే..." కోమల నాలుక కరుచుకుంది.

అవతల ఇంజను మోత ఒక్కటే వినబడుతోంది. "ఏమయ్యా, ఉన్నవా? మాట్లాడు!" అని కోమల అరిచింది.

వీడియోకు మారమని ఫోను అడిగింది. ఆమె నొక్కింది. నెట్టు బ్రహ్మాండంగా ఉంది. తెర నిండా విజేందర్ గుండు, దాని మీద గరుకుగా మొలుస్తున్న వారం రోజుల వెంట్రుకలు. ఈదమ్మ కొంగు నుదుటి మీదికి లాక్కోవడం మరిచిపోయింది.

"నాయిన పోయిండని భిక్షపతి స్టేటస్ పెట్టిన్నాడే చూసిన," అన్నాడు విజేందర్. "నేను గూడ దూకుతనని మీరు బుగులుపడతరని చెప్పలే. గుండు పదకొండో దినమే ఓడల చేయించుకున్న. రేపు మునుగుత, చాపల కూర పెడత. బీడీలే ఈడ దొరకయి... అమ్మనడుగు కోమలా, నాయిన సిగరెట్టు ముట్టుకుంటడా?"