స్తెఫను చెప్పిన సినిమా

“ఇంటర్వెల్ ముంగట ఒక ఫైటున్నది, ఇటుకబట్టీల. మనోడు పసుపుపచ్చ చొక్కేసుకొని పొగలకెల్లి నడిచొస్తడు. ఆ నడకకే టికెట్ పైసలు వసూలు,” అన్నాడు స్తెఫను కళ్ళు మూసుకుని.

గోదావరిఖనిలో గని గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో గ్లాసులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోవడం మరచి వింటున్నారు. స్తెఫను సినిమా చెబితే అంతే. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే భార్య సుసన్నాను వెంటబెట్టుకుని మ్యాట్నీకి పోతాడు. ఆ దంపతుల ముందు వరుసలో కూర్చోవడం మాత్రం నరకం. సుసన్నా సినిమా సాగినంతసేపూ మొగుడి చెవిలో గుసగుసలాడుతూనే ఉంటుంది. ఎవరైనా వెనక్కి తిరిగి కసిరితే కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెడుతుంది. అయినా సాయంత్రం స్తెఫను నోట వింటే, ఆ కసిరినవాళ్ళకు కూడా ఇంకోసారి చూడాలనిపించేది. అతను బాగుందంటే కాలనీ అంతా కదిలేది. పెదవి విరిస్తే థియేటర్లో ఈగలు తోలుకోవడమే.

“కండ్లు కనబడయట గాని చొక్కా రంగు కనబడ్డది,” అన్నాడు అదే గనిలో పనిచేసే మొగిలి, పక్కవాడికి మాత్రమే వినబడేలా.

స్తెఫను మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్న సంగతి కాలనీలో అందరికీ తెలుసు. బోర్డు ‘అన్‌ఫిట్’ అని రాస్తే అతని ఉద్యోగం కొడుక్కి వస్తుంది. వేరే ఊళ్ళలో ఆ మాట వింటే ఏడుస్తారేమో, ఇక్కడ మిఠాయి పంచుతారు. అందుకే ఈ కాలనీల్లో బోర్డు తేదీ వచ్చేసరికి కొందరి నడుములు ఉన్నట్టుండి వంగిపోయేవి, కొందరి చెవులు మూసుకుపోయేవి. స్తెఫను కళ్ళు పోయాయన్నాడు. ఏడాదిగా డ్యూటీకి సెలవు పెట్టి, సుసన్నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు. కళ్ళేమో పైకి నిక్షేపంగా ఉన్నాయి. తెర మీది హీరోల కన్నా బాగా నటిస్తున్నాడని కాలనీ తేల్చేసింది.

మొగిలికి ఆ నటన చూస్తే కడుపుమంట. అతను మోకాళ్ళు నిజంగానే అరిగిపోయి బోర్డు ముందు నిలబడితే, ఫిట్ అని రాసి పంపేశారు. అతని కొడుకు ఇప్పటికీ బజార్ల వెంట తిరుగుతున్నాడు. నిజం చెప్పినవాడికి లేని ఉద్యోగం నాటకాలాడేవాడికి ఎలా వస్తుందో చూద్దామనుకున్నాడు. బోర్డుకు ముందు రోజు పెద్ద దవాఖానలో తనకు తెలిసిన వార్డుబాయ్ చెవిన ఒక మాట వేసి వచ్చాడు.

రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి స్తెఫనుకు ఇదే ఆఖరి బోర్డు. కొడుకు ఆకాశ్ డిగ్రీ చదివి, పని దొరక్క, కుదిరిన సంబంధం కూడా తప్పిపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఇంటిల్లిపాది ఆశ ఆ ఒక్క మాట మీదే.

బోర్డులో ఒక డాక్టరు కాగితాలు పక్కన పెట్టి, సినిమాలంటే మీకు ప్రాణమటగా, ఈ వారం వచ్చింది ఎలా ఉందని ఎంతో చనువుగా అడిగాడు. సుసన్నాను బయటే ఆపేశారు. పక్కనే ఉంటే తొడ గిల్లి ఆపేది. అంత పెద్ద డాక్టరు తన అభిప్రాయం అడిగాడన్న సంబరంలో స్తెఫను తానెక్కడ ఉన్నాడో మరచిపోయాడు.

“మొదలు జర మెల్లగ నడుస్తది సార్. హీరోయిన్ చిలకాకుపచ్చ చీరల వానకు నిలవడ్డ కాడికెల్లి లేస్తది. ఆమె కండ్లల్ల భయం చూడాలె సార్, మాట లేదు, ఏం లేదు.”

“ఇటుకబట్టీ ఫైటులో హీరో చొక్కా ఏ రంగు?”

“పసుపుపచ్చ సార్.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటికి గాని స్తెఫనుకు తాను చేసిన పని తెలిసిరాలేదు. నోరు పెగల్చుకుని ఏదో చెప్పబోయాడు. డాక్టరు ఫిట్ అని రాసి, తర్వాతి పేరు పిలిచాడు.

“సినిమా చెప్పకుంటె సచ్చిపోతుంటివా బాపూ? నా నోట్ల మన్ను కొడితివి గదనే,” అన్నాడు ఆకాశ్ ఆ సాయంత్రం. మళ్ళీ తండ్రితో మాట్లాడలేదు. సుసన్నా డాక్టరును కలుస్తానని దవాఖాన చుట్టూ తిరిగింది. బోర్డు అయిపోయిందని వాచ్‌మన్ గేటు దగ్గరే తోలేశాడు.

డ్యూటీలో చేరకపోతే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. సోమవారం మొదటి షిఫ్టుకు సుసన్నా మొగుణ్ణి గని గేటు దాకా తీసుకొచ్చింది. ఎవరికి అప్పజెప్పాలో తెలియక, ఎదురుపడ్డ మొగిలినే బతిమాలింది.

“తమ్మీ, లోపట జర చెయ్యి పట్టుకొని తోల్కపో.”

మొగిలి మంచి మనిషిలా తలూపాడు. దొంగను ఇవాళ మీ అందరి ముందు పట్టిస్తానని అతను తోటివాళ్ళకు అప్పటికే చెప్పి పెట్టాడు. గనిలోకి దిగి, చదునుగా ఉన్న దారికి వచ్చాక చెయ్యి వదిలేశాడు.

“ఇగ సాపు తొవ్వనే అన్నా. నడుసుకుంట ఆ సినిమా చెప్పు. నువ్వు చెప్పక మాకు తోస్తలేదు.”

బోర్డు నాటి నుంచి అతన్ని పలకరించిన మనిషి లేడు. గొంతు సవరించుకుని, ఒక చేత్తో గోడ తడుముతూ, మొదటి సీను నుంచి ఎత్తుకున్నాడు. ఆ తడుముడు చూసి వెనకవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. కథ వానలో హీరోయిన్ దగ్గరికి వచ్చింది. స్తెఫను గొంతులో పాత ఊపు వచ్చేసింది.

మొగిలి వెనక నుంచి చెయ్యి చాపి అతని టోపీకున్న లైటు ఆర్పేశాడు. మిగతావాళ్ళూ తమ లైట్లు ఆర్పి, ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. గనిలో లైటు పోతే కంటి ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనబడదు. ఎన్నేళ్ళ సర్వీసు ఉన్నవాడికైనా గుండె జారుతుంది, అడుగు ఆగుతుంది, నోట కేక వస్తుంది. ఆ కేక కోసమే అందరూ నవ్వు బిగబట్టుకుని చెవులు రిక్కించారు.

స్తెఫను సినిమా చెబుతూనే నడుస్తున్నాడు.